పాత ఆపరేషన్ కాగితం

మా నాన్నగారి ఎడమ పక్కన ఆఖరి పక్కటెముక కింద మొదలై బొడ్డు వైపు ఏటవాలుగా దిగే కోత గుర్తు ఒకటి ఉంది. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు ఉంటుంది. వేలితో తడిమితే వెనక భాగంలో గట్టిగా, తాడు పేనినట్టు తగులుతుంది. ముందు భాగంలో మాత్రం కండ పట్టు తప్పి, ఆయన దగ్గినప్పుడల్లా కొద్దిగా ఉబ్బుతుంది. 1993లో, ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర డ్యూటీ చేస్తున్న రోజుల్లో, ఎడమ కిడ్నీలో రాయి ఉందని విశాఖలోనే ఒక నర్సింగ్‌హోమ్‌లో పక్క కోసి తీశారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తీసిన రాయిని ఇంజెక్షన్ మందు సీసాలో దూది మీద పెట్టి మా అమ్మ చేతికిచ్చారు. గోధుమ రంగులో, పైనంతా పొక్కులు పొక్కులుగా ఉన్న ఆ రాయిని చుట్టాలు వచ్చినప్పుడల్లా బయటికి తీసి చూపించేవాళ్ళం. అది ఏ రకం రాయో పరీక్ష చేయించాలని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

మూడేళ్ళ క్రితం అదే పక్కన మళ్ళీ నొప్పి వచ్చింది. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో రెండున్నర సెంటీమీటర్లు దాటిన రాయి, దాని పక్కన, మూత్రం చేరే లోపలి గదుల్లో కింది దానిలో ఇంకో చిన్నది కనిపించాయి. నగరంలోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. వీపు మీద చిన్న రంధ్రం వేసి, దానిలోంచి రాయిని పొడిచేసి తీస్తామన్నారు. వాడుకలో పీసీఎన్‌ఎల్ అంటున్నది ఇదే. చేర్చుకునేటప్పుడు ఒక కుర్ర డాక్టరు కాగితాలు నింపుతూ, తల ఎత్తకుండానే, "ఇంతకుముందు ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా పెద్దాయనా?" అని అడిగారు. మా నాన్నగారు "లేదండి" అన్నారు. గుండె ఆపరేషన్ సంగతి అడుగుతున్నారనుకున్నానని తరవాత చెప్పారు. పక్కనే ఉన్న నేను కూడా సరిదిద్దలేదు. ముప్పై ఏళ్ళనాటి కోత కూడా లెక్కలోకి వస్తుందని నాకు ఆ క్షణాన స్ఫురించలేదు. ఎవరూ చొక్కా ఎత్తి చూడలేదు. సీటీ స్కాన్ తీయలేదు. మర్నాడు ఉదయం మత్తు ఇచ్చి, బోర్లా తిప్పి, గుడ్డలు తొలగించినప్పుడు గాని ఆ గుర్తు వారి కంట పడలేదు. గంట తరవాత ఆయనను అలాగే బయటికి తీసుకొచ్చారు. సర్జన్ గారు కోపంగా, "ముందే చెప్పాలి కదమ్మా! ఒకసారి కోసిన కిడ్నీకి మళ్ళీ కోసే తీయాలి" అన్నారు.

ఆయన మాటల్లో మొదటిది నిజం. రెండోది నిజం కాదు. ఈ రెంటినీ విడదీసి చెప్పడానికే నేనీ వ్యాసం రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. కాని ఆ తరవాతి ఆరు వారాల్లో ఈ విషయం గురించి నేను అడగని ప్రశ్న లేదు, తెలిసినవారి దగ్గర సరిచూసుకోకుండా నమ్మిన జవాబూ లేదు.

ఇప్పుడు అరవై దాటిన ఎంతోమంది పక్కల మీద ఇలాంటి కోత గుర్తు ఎందుకుందో ముందు చెప్పుకోవాలి. వీపు మీది రంధ్రం గుండా కిడ్నీ రాయిని తీయడాన్ని స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ 1976లో మొదటిసారి ప్రచురించారు. శరీరం బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పగలగొట్టే యంత్రాన్ని 1980లో మ్యూనిక్‌లో మొట్టమొదటిసారి రోగి మీద వాడారు. అక్కడ పుట్టిన పద్ధతులు మన జిల్లాలదాకా వచ్చి, వాటిని వాడగల చేతులు తయారై, మామూలు కుటుంబాలకు అందడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది. అంతవరకు పక్క కోయడమే మార్గం. కాబట్టి అప్పటి సర్జన్లు తప్పు చేశారని ఎవరూ అనకూడదు. మా నాన్నగారి కిడ్నీని ముప్పై ఏళ్ళు నిలిపింది ఆ కోతే.

అయితే ఆ కోత కిడ్నీ చుట్టూ ఏం మిగిల్చి వెళ్తుందో తెలియాలి. మామూలుగా కిడ్నీ మెత్తటి కొవ్వు పరుపులో, పలచటి పొర సంచిలో ఉంటుంది. మనం ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కిందికీ పైకీ జరుగుతూ ఉంటుంది. పక్క కోసి చేసే ఆపరేషన్‌లో ఆ సంచిని తెరిచి, కొవ్వును పక్కకు తొలగించి, కిడ్నీని బయటపెడతారు. మానేటప్పుడు ఆ మెత్తదనం తిరిగి రాదు. కొవ్వు ఉండవలసిన చోట గట్టి మచ్చ కణజాలం పెరుగుతుంది, కిడ్నీ వెనక కండరానికి అతుక్కుపోతుంది, లోపలి గదులు ఒక్కోసారి ఆకారం మారిపోతాయి, వాటి మధ్య దారులు సన్నబడతాయి. పెద్దపేగు కూడా తన చోటు వదిలి కిడ్నీ వెనక్కి జరగవచ్చు. ఎడమ వైపు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సూది వేసే దారిలో పేగు ఉందో లేదో మామూలు స్కానింగ్‌లో తేలిగ్గా తెలియదు, సీటీలో తెలుస్తుంది. మొదటి ఆసుపత్రిలో ఆ రోజు కోతను చూసి ఆగిపోవడం మా అదృష్టమే. ఆ సర్జన్ గారి కోపం మీద నాకు ఫిర్యాదు లేదు. చూడవలసింది అంతకు ముందు రోజు కదా అన్నదే నా బాధ.

ఇక "మళ్ళీ కోసే తీయాలి" అన్న మాట. ఇది మా ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వెంటనే ఒప్పుకున్న మాట, ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది: లోపల అంతా అతుక్కుపోయి ఉంటే, కంటికి కనిపించేలా తెరిచి చేయడమే క్షేమం కదా అనిపిస్తుంది. నిదానంగా ఆలోచిస్తే అదే కారణం ఎదురు తిరుగుతుంది. అతుక్కుపోయిన చోట మళ్ళీ కత్తి పెట్టడమంటే ఒక్కొక్క పొరనూ కొత్తగా విడదీసుకుంటూ పోవాలి. కిడ్నీకి రక్తం తెచ్చే పెద్ద నాళాలు ఆ మచ్చలోనే ఇరుక్కుని ఉండవచ్చు. రాయి కోసం వెళ్ళి చివరికి కిడ్నీనే తీసేయవలసి వచ్చే పరిస్థితి రెండోసారి కోతలో మొదటిసారి కంటే ఎక్కువ. అసలే బలహీనపడిన పక్క కండరాలు మళ్ళీ తెగుతాయి. పీసీఎన్‌ఎల్‌లో మాత్రం ఆ మచ్చ మొత్తాన్ని విప్పవలసిన పని లేదు, అందులోంచి ఒక్క సన్నటి దారి చేసుకుంటే చాలు. ఆ దారి వెడల్పు 24 నుంచి 30 ఫ్రెంచ్ ఉంటుందంటారు; 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటరు, అంటే 8 నుంచి 10 మిల్లీమీటర్లు. ఇప్పుడు అంతకంటే సన్నవి కూడా వాడుతున్నారు. పాత కోత ఉన్నవారినీ లేనివారినీ పోల్చి చూసిన వైద్యులు అనేక దేశాల్లో స్థూలంగా ఒకే మాట చెబుతూ వచ్చారు: దారి చేసుకోవడం కష్టమవుతుంది, సమయం ఎక్కువ పట్టవచ్చు, రెండోసారి చేయవలసి రావచ్చు, కాని అనుభవం ఉన్న చేతుల్లో రాయి పూర్తిగా పోయే అవకాశం గాని, పెద్ద ప్రమాదాలు గాని చెప్పుకోదగినంత తేడాగా ఉండవు. పక్క కోయవలసిన కేసులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి, దాన్ని నేను కాదనను. అయితే పాత కోత ఒక్కటే అందుకు కారణం కాజాలదు.

రెండో ఆసుపత్రిలో మేము కలిసిన యూరాలజిస్టు గారు చేసిన మొదటి పని మా నాన్నగారిని మంచం మీద ఒత్తిగిల్లమని చెప్పి, కోత గుర్తు మీద ఒక చివర నుంచి రెండో చివర వరకు వేలు నడిపించడం. తరవాత అడిగిన మొదటి ప్రశ్న: "అప్పటి కాగితం ఉందా?"

ఉంది. మా అమ్మ దాన్ని పారేయలేదు. స్థలం దస్తావేజులు, మా పదో తరగతి మార్కుల జాబితాలు ఉండే రేకు పెట్టెలో, నలిగిన పాలిథిన్ కవర్లో దొరికింది. మడతల దగ్గర చిరిగి, సిరా పాలిపోయి ఉంది. తేదీ, పేరు, వయసు, ఇచ్చిన మందులు, ఆపరేషన్ గురించి మాత్రం రెండే మాటలు: "లెఫ్ట్ పైలోలిథోటమీ." డాక్టరు గారు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి రెండుసార్లు చదివారు. ఆ రెండు మాటలు ఆయనకు ఎంత చెప్పాయో మాకు వివరించారు. పైలోలిథోటమీ అంటే కిడ్నీ కండను కోయకుండా, మూత్రం చేరే గరాటులాంటి భాగాన్ని మాత్రమే తెరిచి రాయి తీయడం. కొమ్మలు వేసిన జింక కొమ్ములాంటి పెద్ద రాయి అయితే ఆ రోజుల్లో కిడ్నీ కండనే పొడవునా చీల్చి తీసేవారు. ఆ పద్ధతిలో గదులు ఎక్కువగా కుంచించుకుపోవచ్చు, పనితనం కూడా కొంత పోవచ్చు. మా నాన్నగారికి జరిగింది మొదటిది. "అయితే లోపలి గదులు పెద్దగా చెదిరి ఉండకపోవచ్చు, సీటీలో చూద్దాం" అన్నారు ఆయన. పాత సిరాతో రాసిన రెండు మాటలు ముప్పై ఏళ్ళ తరవాత ఒక సర్జన్‌కు దారి చూపించడం నేను కళ్ళారా చూశాను.

ఆ తరవాత ఒక్కటీ తొందరపడి చేయలేదు. సీటీ తీశారు, పేగు కిడ్నీ పక్కనే ఉంది గాని వెనక్కి రాలేదు. ఎడమ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడిగా తెలుసుకోవడానికి ఐసోటోపు స్కాన్ చేయించారు. రక్తంలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ బాగానే ఉందని మేము నిశ్చింతగా ఉన్నాం గాని, ఒక కిడ్నీ దెబ్బతిన్నా రెండోది భారం మోస్తున్నంతకాలం ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చని అప్పుడు తెలిసింది. పనిచేయని కిడ్నీలోంచి రాయి తీయడానికి రోగిని కష్టపెట్టడంలో అర్థం లేదు కాబట్టి ఈ పరీక్ష ముందే జరగాలి. (ఇక్కడ ఒక మాట. మన ఉత్తరాంధ్రలో కిడ్నీ అనగానే ఉద్దానం గుర్తుకొచ్చి గుండె జారిపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల్లో మనుషులను తినేస్తున్న ఆ జబ్బు వేరు, ఈ రాళ్ళ జబ్బు వేరు. రాయి ఉందన్నంత మాత్రాన డయాలసిస్ అని భయపడి ఆకుపసరుల వెంట పరుగెత్తి కాలం పోగొట్టుకోవద్దు.) మూత్రం కల్చర్‌లో సూక్ష్మక్రిములు కనిపిస్తే ముందు వాటికి మందు వాడి, తగ్గాకే తేదీ ఇచ్చారు. ఆయన వేసుకుంటున్న ఆస్పిరిన్ సంగతి గుండె డాక్టరుతో మాట్లాడి తేల్చారు.

ఆపరేషన్ రోజున లోపల ఏం జరిగిందో డాక్టరు గారు బయటికొచ్చి, చేతి రుమాలు మీద గీతలు గీసి చూపించినట్టుగా చెప్పారు. సూది వేయడం ఒక విధంగా సులువైంది, ఎందుకంటే అతుక్కుపోయిన కిడ్నీ ఊపిరితో పాటు జరగలేదు. కష్టం దారిని వెడల్పు చేయడంలో వచ్చింది. సూది గుండా పంపిన తీగ మీదుగా ఒకదాని తరవాత ఒకటి లావైన గొట్టాలను దించుతారు. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం మచ్చ దగ్గర ఆగిపోయింది. బలవంతంగా తోస్తే తీగ వంగిపోయి దారే పోతుంది. అప్పుడు ఒకదానిలో ఒకటి ఇమిడే లోహపు గొట్టాలు తీసుకుని, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూసుకుంటూ, కొంచెం తిప్పుతూ, కొంచెం ఆగుతూ దించారట. "ఎండిన తాటిమట్టలో సూది దింపినట్టు ఉందమ్మా" అన్నారు. లోపలికి వెళ్ళాక కూడా, రాయిని చూడడానికి దారిలోంచి పంపే దుర్బిణీని అటూ ఇటూ ఎక్కువగా వంచడానికి వీల్లేదు. కదలని కిడ్నీని బలంగా వంచితే కండ చీరుకుని రక్తస్రావం అవుతుంది. పెద్ద రాయిని పూర్తిగా తీశారు. కింది గదిలోని చిన్న రాయి అందలేదు. దాని కోసం మొండికి పోకుండా గొట్టం ఉంచి బయటికొచ్చి, మూడో రోజున రెండో చోట సూది వేసి దాన్నీ తీశారు. మొదటి రోజే అంతా అయిపోలేదని మా చిన్నాన్న నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఎక్కడ ఆగాలో తెలిసిన చేతుల్లోనే ఆయనను పెట్టామన్న ధైర్యం ఆ రోజే కలిగింది.

ఇప్పుడు నా అసలు వాదన. ఆ రెండు మాటల కాగితం మా అమ్మ జాగ్రత్త వల్ల మిగిలింది. ఆమె పారేసి ఉంటే? ఆ నర్సింగ్‌హోమ్ ఎప్పుడో మూతపడింది. తెరిచి ఉన్నా లాభం ఉండేది కాదు. 2002లో వచ్చిన భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టరు చికిత్స మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాలు ఉంచితే సరిపోతుంది. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కూడా అదే నిబంధనల్లో ఉంది. ఈ రెండో సంగతి తెలిసి అడిగేవారిని నేను ఇంతవరకు చూడలేదు. కిడ్నీ రాయి 3 సంవత్సరాల జబ్బు కాదు. ఒకసారి రాయి వచ్చినవారిలో సుమారు సగం మందికి పదేళ్ళలోపు మళ్ళీ రావచ్చని వైద్యులే చెబుతారు. మా నాన్నగారికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. పది, ఇరవై, ముప్పై ఏళ్ళ తరవాత పనికొచ్చే కాగితానికి 3 సంవత్సరాల ఆయుష్షు పెట్టడం నాకు ఏ విధంగానూ న్యాయంగా తోచదు. కనీసం కిడ్నీ, కడుపు, గుండె లాంటి అవయవాలను తెరిచిన ఆపరేషన్ల వివరమైనా రోగి బతికున్నంతకాలం దొరకాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2021 నుంచి 14 అంకెల ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తున్నారు కదా, అందులో అన్నీ ఉంటాయి కదా అని కొందరు మిత్రులు అన్నారు. నంబరు ఉండటం వేరు, ఆ నంబరు కింద ఆపరేషన్ వివరం చేరడం వేరు. రాయనిదాన్ని ఏ కంప్యూటరూ దాచలేదు.

రాయడం దగ్గరే అసలు లోపం. డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా పేజీ నిండా ఉంటుంది; ఆపరేషన్ మాత్రం ఒక వాక్యం. ఏ వైపు, ఏ పద్ధతి, కిడ్నీ కండ తెరిచారా లేదా, ఏ గదిలోకి సూది వేశారు, ఎన్ని చోట్ల వేశారు, పేగు ఎక్కడుంది, రక్తం ఎంత పోయింది, ముక్కలు ఏమైనా మిగిలాయా, స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉంచే సన్న గొట్టం) వేశారా, వేస్తే ఏ తేదీకి తీయాలి: ఇవి రాయడానికి సర్జన్‌కు పది నిమిషాలు పడుతుందేమో. స్టెంట్ విషయం నేను ఊరికే చేర్చలేదు. మా నాన్నగారి పక్క మంచం మీద విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ ఉండేవారు. మరో ఊళ్ళో రాయి తీసినప్పుడు వేసిన స్టెంట్‌ను తీయించుకోవాలని తనకెవరూ చెప్పలేదని ఆయన అన్నారు. వారాల్లో తీయవలసిన గొట్టం రెండేళ్ళు లోపలే ఉండిపోయి, దాని చుట్టూ రాయి కట్టేసింది. గొట్టాన్ని తీయడానికే ఆయనకు పెద్ద ఆపరేషన్ అవసరమైంది.

విశాఖకు ఈ విషయంలో బాధ్యత మరీ ఎక్కువ. 1923 నుంచి ఉన్న ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి: శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు కొండల మీద నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవారు చేతిలో ఒక సంచితో కూర్చుని ఉంటారు. ఆ సంచిలో ఉన్నదే వారి వైద్య చరిత్ర. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన తరవాత, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల, డబ్బు లేక ఆపరేషన్ ఆగిపోవడం చాలా వరకు తగ్గింది. కాని ఆపరేషన్ చేసిన చోటు ఒకటి, మళ్ళీ నొప్పి వచ్చి చూపించుకునే చోటు మరొకటి. మధ్యలో సంచి పోతే, వానకు తడిస్తే, అద్దె ఇల్లు మారేటప్పుడు పడిపోతే, ఆ మనిషి ఏ చరిత్రా లేనివాడిగా బల్ల మీదికి వెళ్తాడు. ఆ క్షణంలో మిగిలేది ఒంటి మీది గుర్తు ఒక్కటే. అందుకే డాక్టర్లను నేను ప్రాధేయపడి అడిగేది ఇంతే: "ఆపరేషన్లు అయ్యాయా?" అని అడిగి ఊరుకోకండి. మా వాళ్ళకు ఆ ప్రశ్న అర్థం కాదు. కొందరు భయపడి, ఆపరేషన్ ఆపేస్తారేమోనని అబద్ధం కూడా చెబుతారు. చొక్కా ఎత్తండి, జాకెట్టు కింద చూడండి, వీపు తిప్పి చూడండి. అర నిమిషం పని.

రోగుల తరఫువారికి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ రోజు ఆ ప్రశ్న దగ్గర మౌనంగా నిలబడింది నేనే. పాత ఆపరేషన్ ఉందని చెబితే పెద్ద కేసు అంటారని, డబ్బు ఎక్కువ అడుగుతారని దాచకండి. తెలిస్తే సీటీ తీస్తారు, లోహపు గొట్టాలు సిద్ధంగా ఉంచుకుంటారు, రక్తం ఏర్పాటు చేసుకుంటారు, రెండోసారి చేయవలసి రావచ్చని ముందే చెబుతారు. తెలియకపోతే ఇవేవీ ఉండవు. "పాత కోత ఉంది కాబట్టి మళ్ళీ కోతే" అని ఎవరైనా అంటే తిట్టుకోవద్దు, వాదించవద్దు. ఇలాంటి కిడ్నీలకు పీసీఎన్‌ఎల్ చేసిన అనుభవం ఎంత ఉందని మర్యాదగా అడిగి, మరొకరి అభిప్రాయం తీసుకోండి. ఆ అనుభవం తమకు లేదని ఒప్పుకునే డాక్టరు మంచి డాక్టరే.

ఈసారి తీసిన రాయి ముక్కలను పరీక్షకు పంపారు. కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. దాంతోపాటు 1993 నాటి సీసా కూడా మా అమ్మ ఇవ్వబోయింది గాని, అందులో దూది తప్ప రాయి లేదు. ఎప్పుడో ఎవరి చేతిలోంచో జారిపోయి ఉంటుంది. కోక్ ఓవెన్ల వేడిలో ఎనిమిది గంటలు నిలబడి, షిఫ్టు అయ్యేదాకా చుక్క నీళ్ళు తాగని రోజులు చాలానే ఉండేవని మా నాన్నగారు ఇప్పుడు చెబుతున్నారు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేంత నీళ్ళు తాగమన్నారు. వంటింట్లో ఆయన పేరుతో రెండు స్టీలు బాటిళ్ళు పెట్టాం. రాత్రి పడుకునే ముందు అవి ఖాళీ అయ్యాయో లేదో మా అమ్మ చూస్తుంది.

ఆ డాక్టరు గారు ఇచ్చిన ఆపరేషన్ వివరం ఒకటిన్నర పేజీ ఉంది. రెండు సూది చోట్లకూ చిన్న బొమ్మ వేసి ఇచ్చారు. దాన్ని, చిరిగిన 1993 కాగితాన్ని, స్టెంట్ తీసిన రోజు చీటీని ఒకే ఫైలులో పెట్టి, అన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసి, హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి కూడా పంపాను. పోయిన నెల స్కానింగ్‌లో కుడి కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. ఇప్పుడే చేయవలసింది ఏమీ లేదు, నీళ్ళు తాగుతూ ఆరు నెలల తరవాత రమ్మన్నారు. ఆ రిపోర్టు కూడా ఫైలులో పెట్టాను.